గడప దాటితేనే పనిచేసే ఆంప్లిఫయర్ కట్టుకోవడం ఎలా

మామూలు ఆంప్లిఫయర్‌కి ఎంత ఇస్తే అంతకి తగ్గట్టు పెంచి ఇస్తుంది. చిటికెడు ఇచ్చినా పెంచుతుంది, గుప్పెడు ఇచ్చినా పెంచుతుంది. ఇప్పుడు మనం కట్టబోయే దానికి కాస్త పట్టుదల ఉంది. ఇన్‌పుట్ వోల్టేజీ ఒక హద్దు దాటేదాకా అవుట్‌పుట్ సున్నా దగ్గర కదలకుండా కూర్చుంటుంది, దాటాక మాత్రం ఎంత దాటిందో అంతవరకే లెక్కగట్టి పెంచుతుంది. ఆ హద్దుని థ్రెషోల్డ్ అంటారు. మనకి గడప అనే మాట ఉండనే ఉంది కాబట్టి నేను అదే వాడతాను.

ఊరికే లెక్కలు చెబితే బుర్రకెక్కదు కాబట్టి నిజంగా పనికొచ్చే ఒక సర్క్యూట్ కడదాం. మా ఇంట్లో చేత్తో కట్టిన ఒక ఆడియో ఆంప్లిఫయర్ ఉంది. దాని హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు దిమ్మ) వేసవిలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దానికి ఒక 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాను. ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంటే రాత్రిపూట నాన్నగారు సౌండ్ తగ్గించి పాత పాటలు వింటున్నప్పుడు పాట కంటే ఫ్యాన్ మోతే ఎక్కువ వినపడేది. సరేనని కంపేరేటర్, అంటే రెండు వోల్టేజీలని పోల్చి చూసే సర్క్యూట్, పెట్టి ఒక వేడి దగ్గర ఆన్, దాని కింద ఆఫ్ అయ్యేలా చేశాను, అది ఇంకా చిరాకు: పల్లవి మధ్యలో ఒక్కసారిగా బుర్రుమని లేవడం, అరనిమిషం తిరిగి ఆగిపోవడం, మళ్ళీ లేవడం. అప్పుడు అర్థమైంది, నాకు కావలసింది స్విచ్ కాదని. చల్లగా ఉన్నంతసేపు పూర్తిగా నోరు మూసుకుని, వేడెక్కేకొద్దీ నెమ్మదిగా వేగం పెంచుకునేది కావాలి.

లెక్క ఇలా పెట్టుకుందాం. వేడి కొలవడానికి ఎల్‌ఎం35 సెన్సర్. ఇది డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది, 45 డిగ్రీలంటే 450 మిల్లీవోల్టులు, 65 అంటే 650. 450 దాకా ఫ్యాన్‌కి సున్నా వోల్టులు, 650 దగ్గర సుమారు 9.5 వోల్టులు వెళ్ళాలి. పూర్తి 12 ఎందుకు కాదు అంటారా, చవకగా దొరికే ఆప్‌ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్) 12 వోల్టుల సప్లై మీద 10.5 దాటి పైకి వెళ్ళలేదు, మధ్యలో ట్రాన్సిస్టర్ ఇంకో 0.7 తినేస్తుంది. 9.5 దగ్గర కూడా ఫ్యాన్ గట్టిగానే తిరుగుతుంది, సరిపోతుంది.

ముందు రాని దారులు

చాలామందికి మొదట తట్టేది సెన్సర్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య ఒక డయోడ్ పెట్టేయడం. సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల దాకా దారివ్వదు కదా, అదే గడప అయిపోతుంది కదా అని. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ డయోడ్ ఠక్కున తెరుచుకునే తలుపు కాదు, 0.4 దగ్గరే కాస్త కాస్త కారడం మొదలుపెడుతుంది. పైగా డయోడ్ వేడెక్కేకొద్దీ దాని వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. మన సిగ్నలే డిగ్రీకి 10 మిల్లీవోల్టులు, అందులో 2 తేడా వస్తే అయిదో వంతు తప్పు. అన్నిటికీ మించి 0.6 ఎప్పటికీ 0.6 లాగానే ఉంటుంది, మీకు 0.45 కావాలంటే డయోడ్ వినదు.

రెండో దారి ముందు కంపేరేటర్ పెట్టి, దాని వెనక ఆంప్లిఫయర్ పెట్టి, మధ్యలో ఒక స్విచ్. పనిచేస్తుంది, కానీ గడప దాటగానే అవుట్‌పుట్ సున్నా నుంచి ఒక్క దూకు దూకుతుంది, అంటే మళ్ళీ బుర్రు.

అసలు దారి చాలా తేలిక, ఒక్క ఆప్‌ఆంప్ చిప్‌తో అయిపోతుంది.

గోడకి మేకు, చేతిలో కర్ర

ఒక పొడవాటి కర్ర ఊహించుకోండి. దాని ఒక కొసని గోడకి మేకుతో దిగ్గొట్టారు, కర్ర ఆ మేకు చుట్టూ పైకీ కిందకీ కదులుతుంది. మేకు పక్కనే, జానెడు దూరంలో, మీరు కర్రని పట్టుకున్నారు. మీ చెయ్యి వేలెడు ఎత్తు లేపితే రెండో కొస మనిషెత్తు లేస్తుంది. అదే గెయిన్. మీ చెయ్యి ఇన్‌పుట్, కర్ర కొస అవుట్‌పుట్. మేకు నుంచి చేతి దాకా ఉన్న దూరం ఆర్1 అనే రెసిస్టర్, చేతి నుంచి కొస దాకా ఉన్న దూరం ఆర్2 అనే రెసిస్టర్.

ఇప్పుడు చెయ్యి కొద్దికొద్దిగా కిందకి దించండి. కర్ర కొస నేలకి తగులుతుంది. ఇంకా దించినా కొస నేల లోపలికి పోదు కదా, అక్కడే ఉంటుంది. ఆ నేలే సున్నా వోల్టులు, గ్రౌండ్. కొస నేలని తాకిన క్షణంలో మీ చెయ్యి ఎంత ఎత్తులో ఉందో అదే మీ గడప. అంటే గడప కోసం వేరే భాగమేదీ అక్కర్లేదు, మేకు ఎంత ఎత్తులో కొట్టారన్నదే గడపని నిర్ణయిస్తుంది. పుస్తకాల్లోని నాన్‌ఇన్వర్టింగ్ ఆంప్లిఫయర్‌లో ఆర్1 చివర గ్రౌండ్‌కి కలుపుతారు, అంటే మేకు నేలమట్టానే ఉంది. మనం ఆ చివరని పైకెత్తి ఒక స్థిరమైన వోల్టేజీకి కలుపుతాం, అంతే తేడా.

సూత్రం కావాలంటే ఇదిగో:

అవుట్‌పుట్ = గెయిన్ × (ఇన్‌పుట్ − గడప)
గెయిన్ = 1 + ఆర్2 ÷ ఆర్1
మేకు వోల్టేజీ = గడప × గెయిన్ ÷ (గెయిన్ − 1)

మూడో లైను చూసి కంగారుపడకండి. కొస నేలని తాకే సమయానికి కర్ర మేకు నుంచి కిందకి వాలి ఉంటుంది, కాబట్టి చెయ్యి మేకు కంటే కాస్త కిందే ఉంటుంది. గెయిన్ ఎక్కువైతే ఆ తేడా చాలా చిన్నది, తక్కువైతే పెద్దది. దీన్ని మర్చిపోయి మేకునీ గడపనీ ఒకటే అనుకుంటే తక్కువ గెయిన్ సర్క్యూట్‌లో లెక్క బాగా తప్పుతుంది.

విలువలు వేద్దాం

మనకి 200 మిల్లీవోల్టుల మార్పుకి 9.5 వోల్టులు రావాలి. 9.5 ని 0.2 తో భాగిస్తే 47.5. ఆర్2 కి 220కే (కే అంటే కిలోఓములు), ఆర్1 కి 4.7కే పెడితే నిష్పత్తి 46.8, గెయిన్ 47.8. షాపులో దొరికే విలువలతోనే ఇంత దగ్గరగా వచ్చింది, ఇక్కడే ఆగుదాం. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లే తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు.

మేకు వోల్టేజీ 450 × 47.8 ÷ 46.8, అంటే దాదాపు 460 మిల్లీవోల్టులు. దీన్ని కదలకుండా నిలబెట్టడమే ఈ సర్క్యూట్‌లో అసలు పని.

12 వోల్టుల నుంచి రెండు రెసిస్టర్లతో నేరుగా 460 తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. నేను మొదట అలాగే చేసి దెబ్బతిన్నాను. అడాప్టర్ 5 శాతం కుంగితే ఈ 460 కూడా 23 మిల్లీవోల్టులు కుంగుతుంది, అంటే గడప రెండు డిగ్రీలకి పైగా జారిపోయినట్టు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఫ్యాన్ లేచినప్పుడే అడాప్టర్ కుంగుతుంది, కుంగితే గడప దిగుతుంది, గడప దిగితే ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. తన తోక తనే తరుముకునే కుక్కలాగా. కాబట్టి స్థిరమైన వోల్టేజీ ఇచ్చే టీఎల్431 వాడండి. మూడు కాళ్ళది, ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది, రిఫరెన్స్ కాలుని కేథోడ్‌కి కలిపేస్తే కచ్చితంగా 2.5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. దానికి కనీసం 1 మిల్లీఆంపు ఇవ్వాలి. 12 వోల్టుల నుంచి 4.7కే ద్వారా ఇస్తే సుమారు 2 మిల్లీఆంపులు వస్తుంది, నిశ్చింత. దాని కాళ్ళకి అడ్డంగా కెపాసిటర్ మాత్రం పెట్టకండి. కొన్ని విలువల దగ్గర అది తనంతట తానే ఊగడం మొదలుపెడుతుంది.

ఆ 2.5 వోల్టుల నుంచి కిందకి వరసగా 15కే రెసిస్టర్, 2కే మల్టీటర్న్ ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్), 2.2కే రెసిస్టర్, చివర గ్రౌండ్. ప్రీసెట్ మధ్య కాలు దగ్గర మీకు 287 నుంచి 547 మిల్లీవోల్టుల దాకా ఏదైనా వస్తుంది, అంటే గడపని 28 డిగ్రీల నుంచి 53 డిగ్రీల దాకా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ప్రీసెట్‌ని ఒక్కదాన్నే పెట్టి మొత్తం 2.5 వోల్టుల మధ్య తిప్పితే ఒక్క మిల్లీవోల్టు పట్టుకోవడానికి ప్రాణం పోతుంది, అందుకే పైనా కిందా రెసిస్టర్లు. మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వెయ్యండి. ఇక్కడ ఫర్వాలేదు, టీఎల్431కి మధ్యలో 15కే అడ్డం ఉంది.

ఏ ఆప్‌ఆంప్?

ఎల్‌ఎం358. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే డిప్లొమా, బీటెక్ ల్యాబుల్లో అందరికీ అలవాటైంది 741. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన చిప్ అది, ప్లస్ 15, మైనస్ 15 సప్లైల మీద హాయిగా పనిచేస్తుంది. మనలాగా 12 వోల్టులూ గ్రౌండూ మాత్రమే ఇస్తే దాని అవుట్‌పుట్ కిందకి దిగదు, దాదాపు 2 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, ఇన్‌పుట్ కూడా గ్రౌండ్‌కి అంత దగ్గరగా ఉంటే దానికి అర్థం కాదు. కర్ర కొసకి నేల తగలకుండా మధ్యలో ఎవరో బల్ల వేసినట్టు. ఎల్‌ఎం358 గ్రౌండ్ దాకా ఉన్న ఇన్‌పుట్‌ని చదవగలదు, అవుట్‌పుట్‌ని కూడా దాదాపు గ్రౌండ్ దాకా దించగలదు. ఈ సర్క్యూట్ మొత్తం ఆ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది.

ఒకే చిప్‌లో రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి, మనకి రెండూ కావాలి. కాళ్ళు ఇలా: 1 మొదటిదాని అవుట్‌పుట్, 2 దాని మైనస్, 3 దాని ప్లస్, 4 గ్రౌండ్, 5 రెండోదాని ప్లస్, 6 దాని మైనస్, 7 దాని అవుట్‌పుట్, 8 సప్లై.

మొదటి సగం బఫర్, అంటే వోల్టేజీని మార్చకుండా దానికి బలం ఇచ్చేది. ప్రీసెట్ మధ్య కాలుని 3కి ఇవ్వండి, 1నీ 2నీ కలిపేయండి. ఇప్పుడు 1 మీద అదే 460 ఉంటుంది, కానీ దమ్మున్న 460. బఫర్ లేకుండా ప్రీసెట్‌నే నేరుగా ఆర్1కి కలిపితే ఏమవుతుందంటే, ఆ రెసిస్టర్ల వరసకి సొంతంగా ఉన్న దాదాపు 2.9 కిలోఓములు ఆర్1తో కలిసిపోయి గెయిన్ 48 నుంచి 30కి పడిపోతుంది, పైగా ప్రీసెట్ తిప్పినప్పుడల్లా గడపతో పాటు గెయిన్ కూడా మారుతుంది. ఒక స్క్రూ తిప్పితే రెండూ మారే సర్క్యూట్‌ని సెట్ చెయ్యడం కంటే నరకం ఇంకోటి లేదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, సాయంత్రం మొత్తం నన్ను తిప్పలు పెట్టింది. అవుట్‌పుట్ 9.5 వోల్టులకి లేచినప్పుడు 220కే, 4.7కే మీదుగా 40 మైక్రోఆంపులు వెనక్కి వచ్చి ఈ బఫర్‌లోకి దిగుతాయి. ఎల్‌ఎం358 తన అవుట్‌పుట్ అర వోల్టు లాంటి తక్కువ వోల్టేజీ దగ్గర ఉన్నప్పుడు లోపలికి దిగే కరెంటుని ఎక్కువ మింగలేదు. మామూలుగా 50 మైక్రోఆంపులు మింగుతుంది, కానీ డేటాషీట్ గ్యారంటీ ఇచ్చేది 12 మాత్రమే. మీ చేతికొచ్చిన చిప్ బలహీనమైనదైతే వేడి పెరిగేకొద్దీ మేకే పైకి జరిగిపోతుంది, గెయిన్ ఎక్కడికి పోయిందో అర్థం కాదు. మందు చాలా తేలిక: 1వ కాలు నుంచి గ్రౌండ్‌కి ఒక 4.7కే రెసిస్టర్. అది ఎప్పుడూ 98 మైక్రోఆంపులు కిందకి లాగుతుంటుంది, వెనక్కి వచ్చిన 40 కూడా దాని గుండానే దిగిపోతాయి, చిప్ ఎప్పుడూ ఇచ్చే పనిలోనే ఉంటుంది, మింగే పని పడదు.

రెండో సగం అసలు ఆంప్లిఫయర్. సెన్సర్ నుంచి వచ్చే తీగ 5కి. 1 నుంచి ఆర్1 అంటే 4.7కే వచ్చి 6కి. 6 నుంచి ఆర్2 అంటే 220కే వెళ్ళి అవుట్‌పుట్‌కి. కానీ ఆ అవుట్‌పుట్ 7 కాదు, ఆగండి.

ట్రాన్సిస్టర్‌ని లూపులోకి లాగండి

ఫ్యాన్ 0.15 ఆంపులు తాగుతుంది, ఎల్‌ఎం358 అంత ఇవ్వలేదు. బీడీ139 ట్రాన్సిస్టర్ పెట్టండి. అక్షరాలున్న వైపు మీకు ఎదురుగా పెట్టుకుంటే ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. 7వ కాలు నుంచి 100 ఓముల ద్వారా బేస్‌కి, కలెక్టర్ 12 వోల్టులకి, ఎమిటర్ నుంచి ఫ్యాన్ ఎర్ర తీగకి, ఫ్యాన్ నల్ల తీగ గ్రౌండ్‌కి. ఫ్యాన్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్, చార ఉన్న వైపు ఎర్ర తీగకి.

ఇప్పుడు ఆ 220కే ని 7కి కాకుండా ఎమిటర్‌కి కలపండి. లూపులోకి లాగడమంటే ఇదే. ఇలా చేస్తే ట్రాన్సిస్టర్ తినే 0.7 వోల్టులని ఆప్‌ఆంప్ తనే పూడ్చుకుంటుంది, మన సూత్రం ఫ్యాన్ దగ్గర ఉన్న వోల్టేజీకి అచ్చంగా వర్తిస్తుంది. 7 దగ్గరే కలిపారనుకోండి, అక్కడ 0.7 దాటేదాకా ఫ్యాన్‌కి ఏమీ రాదు, మీరు లెక్కగట్టిన గడప మీద ఇంకో దొంగ గడప వచ్చి కూర్చుంటుంది.

220కే కి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ వెయ్యండి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోయే తీగ 50 హెర్ట్జ్ గుర్రుని పట్టుకొస్తుంది, దాన్ని ఇది చాలావరకు మింగేస్తుంది. వేడి అనేది సెకన్లలో మారేది కాదు కాబట్టి మనకి నష్టం లేదు. మోత తగ్గుతుందని ఫ్యాన్‌కి అడ్డంగా పెద్ద కెపాసిటర్ మాత్రం పెట్టకండి, ట్రాన్సిస్టర్ లూపులో ఉంది కాబట్టి ఊగే ప్రమాదం ఉంది.

బీడీ139 ఎంత వేడెక్కుతుంది? ఫ్యాన్‌కి సగం వోల్టేజీ వెళ్తున్నప్పుడు ఎక్కువ. 6 వోల్టులు, 75 మిల్లీఆంపులు, అంటే దాదాపు అర వాటు. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కానీ చావదు. నేనైతే చిన్న అల్యూమినియం ముక్క బిగించాను, ఆంప్లిఫయర్ డబ్బాలో ఎలాగూ వేడే కదా.

సప్లై దగ్గర 470 మైక్రోఫారడ్ ఒకటి, 8, 4 కాళ్ళకి ఆనుకుని 0.1 ఒకటి. సామాను అంతే. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒకే షాపులో అన్నీ దొరుకుతాయి.

బిగించేటప్పుడు

ముందు బ్రెడ్‌బోర్డ్ మీద చూసి, తర్వాత జీరో పీసీబీ మీద సాల్డర్ చెయ్యండి, ఐసీకి బేస్ (సాకెట్) పెట్టండి. గ్రౌండ్ తీగల దగ్గర బద్ధకం వద్దు. ఫ్యాన్ నల్ల తీగ, సెన్సర్ గ్రౌండ్ తీగ రెండూ ఒకే సన్న తీగ మీద వస్తే, ఆ తీగకి 0.1 ఓము ఉన్నా 0.15 ఆంపుల దగ్గర 15 మిల్లీవోల్టులు పుడతాయి, అంటే ఒకటిన్నర డిగ్రీ అబద్ధం. ఫ్యాన్ నల్ల తీగని విడిగా తెచ్చి అడాప్టర్ మైనస్ దగ్గరే కలపండి. బ్రెడ్‌బోర్డ్ మీద వదులు కాంటాక్టులతో ఈ జబ్బు ఇంకా ఎక్కువ, అక్కడ లెక్క కాస్త అటూ ఇటూ అయితే సర్క్యూట్‌ని తిట్టకండి.

ఎల్‌ఎం35 చదును వైపు మీకు ఎదురుగా పెడితే ఎడమ కాలు సప్లై, మధ్యది అవుట్‌పుట్, కుడిది గ్రౌండ్. తిరగేసి పెడితే నిమిషంలో కాలిపోతుంది, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, బొబ్బతో సహా. దానికి సప్లై 12 వోల్టులే ఇవ్వొచ్చు, 4 నుంచి 30 దాకా తట్టుకుంటుంది. తీగ పొడుగైతే దాని అవుట్‌పుట్ కాలు దగ్గరే ఒక 2కే రెసిస్టర్ వరసలో వెయ్యండి, తీగ కెపాసిటెన్స్‌ని అది నేరుగా భరించలేదు. హీట్‌సింక్‌కి పేస్ట్ రాసి చిన్న క్లాంపుతో అదిమి బిగించండి, ఊరికే దగ్గరగా వేలాడదీస్తే అది గాలి వేడి చెప్తుంది. కాళ్ళకి స్లీవ్ తప్పనిసరి. టీడీఏ2030 లాంటి ఆడియో ఆంప్లిఫయర్ ఐసీల లోహపు రేకు లోపల మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది, మధ్యలో మైకా (కరెంటుని ఆపే పలచటి పొర) లేకుండా బిగించి ఉంటే మీ హీట్‌సింక్ మొత్తం మైనస్ సప్లైలో ఉన్నట్టే. సెన్సర్ కాలు దానికి తగిలిందా, ఇక పాటా లేదు, ఫ్యానూ లేదు. అందుకే 12 వోల్టులకి వేరే అడాప్టర్ వాడండి. డబ్బాలో 230 వోల్టుల తీగలు ఉంటాయి, మూత తీసే ముందు ప్లగ్ పీకి కాసేపు ఆగండి.

సెట్ చెయ్యడం

హీట్‌సింక్‌ని వేడిచేస్తూ కూర్చోకండి. సెన్సర్‌ని విప్పేసి, ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌కి అడ్డంగా 10కే పాట్ (చేత్తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) కట్టండి. సెల్ మైనస్ మన గ్రౌండ్‌కి, పాట్ మధ్య కాలు 5కి. ఫ్యాన్ బదులు ప్రస్తుతానికి ఒక 1కే రెసిస్టర్ పెట్టండి. ఏ లోడూ లేకుండా కొలిస్తే గడప కింద కూడా మీటర్ మూడు నాలుగు వందల మిల్లీవోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మేకు వోల్టేజీ 220కే గుండా కారుతుంటే దాన్ని కిందకి లాగేవాళ్ళు లేరు. అది చూసి చిప్ పోయిందని ఒక మంచి ఎల్‌ఎం358ని చెత్తబుట్టలో వేసిన మనిషిని నేనే.

ముందు 1వ కాలు దగ్గర 460 వచ్చేలా ప్రీసెట్ తిప్పండి. పసుపు రంగు డీటీ830డీ మీటర్ చాలు, 2000 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టండి. తర్వాత పాట్ తిప్పుతూ ఎమిటర్ దగ్గర చూడండి. 440 దగ్గర సున్నా, 460 దగ్గర 0.5 వోల్టుల లోపు, 500 దగ్గర 2.4, 550 దగ్గర 4.8, 600 దగ్గర 7.2, 650 దగ్గర 9.5 చిల్లర రావాలి. మొత్తం వరస ఒకే మోతాదులో పైకో కిందకో జరిగి ఉంటే అది ఆప్‌ఆంప్ ఆఫ్‌సెట్ (దాని ఇన్‌పుట్‌లో పుట్టుకతోనే ఉండే చిన్న తేడా), ఎల్‌ఎం358లో 7 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. ప్రీసెట్ కాస్త తిప్పి సరిచేసుకోండి, 460 అన్న అంకెని పట్టుకు వేలాడక్కర్లేదు, 450 దగ్గర అవుట్‌పుట్ లేవడం ముఖ్యం. అలా కాకుండా కింద సరిగా ఉండి పైకి వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంటే గెయిన్ తేడా. బఫర్ కింద 4.7కే మర్చిపోయారేమో చూడండి. గడప కింద కూడా 2 వోల్టులు వస్తుంటే ఐసీ మీద నంబర్ చదవండి, 741 పెట్టి ఉంటారు.

ఇప్పుడు 1కే తీసేసి ఫ్యాన్ పెట్టండి. అసలు తమాషా ఇక్కడ. సర్క్యూట్ గడప 45 డిగ్రీలే, కానీ ఫ్యాన్ అప్పుడు తిరగదు. బ్రష్‌లెస్ ఫ్యాన్లకి సొంతంగా ఒక గడప ఉంటుంది, చాలావాటికి 4 నుంచి 6 వోల్టులు వస్తే గానీ కదలవు. 5 వోల్టులంటే మన లెక్కలో గడప మీద ఇంకో పది డిగ్రీలు, అంటే 55 దాకా ఊరుకుంటుందన్నమాట. మీ ఫ్యాన్ ఎక్కడ కదులుతుందో పాట్ తిప్పి చూసుకుని ఆ మేరకు గడప దించండి. నాది 5 దగ్గర లేస్తుంది కాబట్టి 45 డిగ్రీలకి తిరగడానికి గడపని 35 దగ్గర పెట్టాను, అంటే 1వ కాలు మీద 357 మిల్లీవోల్టులు. అప్పుడు పూర్తి వేగం 55 దగ్గరే వచ్చేస్తుంది, నాకది ఇంకా మంచిదే. ఆగేటప్పుడు మాత్రం ఫ్యాన్ లేచిన వోల్టేజీ కంటే బాగా కిందకి వెళ్ళి గానీ ఆగదు. కంపేరేటర్‌తో పడ్డ ఆన్ ఆఫ్ గోల ఇందులో లేకపోవడానికి సగం కారణం అదే, మనం ఏమీ చెయ్యకుండానే వచ్చింది.

మీ లెక్కకి మార్చుకోవాలంటే

మూడు సూత్రాలూ పైన ఉన్నాయి. ఉదాహరణకి ఏదో సెన్సర్ 2 వోల్టుల దాకా పట్టించుకోకూడదు, 2 నుంచి 3 వోల్టులకి మాత్రం 0 నుంచి 5 ఇవ్వాలి అనుకోండి. గెయిన్ 5, నిష్పత్తి 4, మేకు 2 × 5 ÷ 4, సరిగ్గా 2.5 వోల్టులు. టీఎల్431 ఇచ్చేదే 2.5! ప్రీసెట్ అక్కర్లేదు, బఫర్ అక్కర్లేదు, ఆర్1 10కే ని నేరుగా దానికే కలిపేయండి, ఆర్2 కి 39కే, 1కే వరసగా. ఇలాంటి అంకెలు ఎప్పుడో గానీ కలిసిరావు, వస్తే మాత్రం వదులుకోకండి.

గెయిన్‌ని వందల్లోకి తీసుకెళ్ళాలని చూస్తే మాత్రం ఎల్‌ఎం358 ఆఫ్‌సెట్ అడ్డొస్తుంది. ఇన్‌పుట్ దగ్గర 5 మిల్లీవోల్టుల తేడా, గెయిన్ 200 అయితే అవుట్‌పుట్‌లో ఒక వోల్టు. సెట్ చేసినా వేడికి మళ్ళీ కాస్త జరుగుతుంది. అప్పుడు గ్రౌండ్ దాకా దిగగల, ఆఫ్‌సెట్ తక్కువున్న ఆప్‌ఆంప్ వెతుక్కోవాలి, కర్రా మేకూ లెక్క మాత్రం అదే.

అంతా సరిపోయాక డబ్బాలో బిగించి ఒక రెండు మూడు సాయంత్రాలు పాటలు పెట్టి వినండి, వేడి కాస్త అటూ ఇటూ అనిపిస్తే ప్రీసెట్ మళ్ళీ సర్దండి. తర్వాత ఆ స్క్రూ మీద ఒక చుక్క గోళ్ళరంగు వెయ్యండి. మా ఇంట్లో అది ఎర్రరంగు, అడక్కుండా తీసుకున్నందుకు ఫ్యాన్ మోత కంటే ఎక్కువే వినాల్సొచ్చింది.